ఎండ, తిండి, జన్యువు: ఒక ప్రశ్న చరిత్ర

మన దేశంలో పోషకాహార పరిశోధన ఎలా మొదలైందో గత పాఠంలో చదివారు. తిండిలో ఏది లోపిస్తే ఏ జబ్బు వస్తుందన్నది అక్కడి ప్రధాన ప్రశ్న. ఈ పాఠంలో దానికి ఎదురు ప్రశ్న చూస్తాం. తిండిలో ఉన్న పదార్థం, తనంతట తాను ఏ హానీ చేయని పదార్థం, ఎండ తగిలితే మన జన్యువులను మార్చేదిగా తయారవుతుందా? అవుతుంది. అయితే ఎప్పుడు, ఎక్కడ, ఎంత మేరకు అన్నది తెలియడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ కథలో మ్యూనిక్, కైరో, ఒకయామాలతో పాటు మన హైదరాబాద్ కూడా ఉంది.

ముందుగా ఒక పదం. డీఎన్ఏలో నిలిచిపోయే మార్పును ఉత్పరివర్తనం అంటారు. అటువంటి మార్పు తెచ్చే పదార్థాన్ని గాని కిరణాన్ని గాని ఉత్పరివర్తన కారకం అంటారు. ప్రతి ఉత్పరివర్తన కారకమూ క్యాన్సర్ కలిగించదు. కాని క్యాన్సర్ కలిగించేవాటిలో చాలా భాగం ఉత్పరివర్తన కారకాలే. ఈ తేడాను పాఠమంతా మనసులో ఉంచుకోండి.

మన ఇళ్లలో ఎండ అంటే శుద్ధి. వడియాలు, ఒరుగులు, మిరపకాయలు, మాగాయ ముక్కలు, పురుగు పట్టిన పప్పు, చివరికి పరుపులు, దుప్పట్లు కూడా ఎండలోకే వెళ్తాయి. ఇందులో నిజం ఉంది. తేమ పోతే బూజు పెరగదు. ఎండ నిజంగానే చాలా సూక్ష్మజీవులను చంపుతుంది. కాని చంపే శక్తి ఉన్నది మార్చే శక్తి కూడా కలిగి ఉంటుంది. పసుపు మరక పడిన తెల్లచొక్కాను ఉతికి ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక వెలిసిపోవడం మీరు చూసే ఉంటారు. సబ్బుకు లొంగని కుర్కుమిన్ అణువును కాంతి విరగ్గొట్టింది. ఇది మీ డాబా మీద జరిగిన కాంతి రసాయన చర్య. ఒక అణువు కాంతిని పీల్చుకుంటే దానికి కొత్త శక్తి వస్తుంది. ఆ శక్తితో అది విరిగిపోవచ్చు, పక్కనున్న అణువుకు అతుక్కోవచ్చు, లేదా ఆ శక్తిని గాలిలోని ఆక్సిజన్‌కు అందించి దాన్ని చురుకైన, హానికరమైన రూపంలోకి మార్చవచ్చు. ఈ పాఠంలో వచ్చే ఉదాహరణలన్నీ ఈ మూడు దారుల్లో ఏదో ఒకదానికి చెందినవే.

బావంచాల నుంచి పీయూవీఏ వరకు

ఈ చరిత్ర ఒక మందు గింజతో మొదలవుతుంది. బావంచాలు మన వైద్యులకు పాతకాలం నుంచి తెలుసు. బొల్లి మచ్చల మీద ఆ గింజల ముద్ద రాసి రోగిని ఎండలో కూర్చోబెట్టేవారు. ఈజిప్టులో మరో మొక్క గింజలతో ఇదే పని చేసేవారు. రెండు చోట్లా మందు ఒక్కటే పనిచేయదు, ఎండ ఒక్కటే పనిచేయదు, రెండూ కలవాలి అన్నది అనుభవంలో తేలిన సంగతి. ఎందుకు కలవాలో మాత్రం ఎవరికీ తెలియదు.

1933లో హెచ్.ఎస్. జాయిస్, బి.ఎల్. మంజునాథ్, ఎస్. వెంకటరావు అనే భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు బావంచాలను పరిశీలించి అందులోని ఒక పదార్థాన్ని వేరుచేశారు. మొక్క శాస్త్రీయ నామాన్ని బట్టి దానికి సొరాలెన్ అనే పేరు నిలిచింది. 1940ల చివర కైరోలో దాని దగ్గరి బంధువైన మెథాక్సాలెన్‌ను వేరుచేసి, బొల్లి వైద్యంలో ఆధునిక పద్ధతిలో వాడడం మొదలైంది. 1974లో అమెరికాలో సోరియాసిస్ రోగులకు మెథాక్సాలెన్ మింగించి అతినీలలోహిత కాంతిలో నిలబెట్టే చికిత్స ప్రకటించారు. అదే పీయూవీఏ. ఆ బృందంలో మధుకర్ పాఠక్ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు ఉన్నారు.

ఈ చికిత్స ఎలా పనిచేస్తుందో చూడండి. సొరాలెన్ బల్లపరుపు అణువు. డీఎన్ఏ నిచ్చెన మెట్ల మధ్యలోకి పేకముక్కలా దూరి కూర్చుంటుంది. చీకట్లో అయితే కూర్చుని ఊరకే లేచిపోతుంది. యూవీ-ఏ కిరణం, అంటే 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం గల కాంతి, తగిలిందా, అక్కడే రెండు పోగులకూ అతుక్కుపోతుంది. పోగులు విడిపోలేవు కాబట్టి కణం విభజన చెందలేదు. సోరియాసిస్‌లో చర్మ కణాలు అతివేగంగా విభజన చెందుతాయి, అందుకే ఇది మందుగా పనికివచ్చింది. అదే అతుకును కణం సరిచేసే ప్రయత్నంలో పొరపాటు జరిగితే అది ఉత్పరివర్తనం. 1979 నాటికే ఈ చికిత్స పొందినవారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ పెరుగుతోందని గమనించారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ తరువాత మెథాక్సాలెన్‌ను యూవీ-ఏతో కలిపి మనుషుల్లో క్యాన్సర్ కారకంగా మొదటి వర్గంలో చేర్చింది. ఆ వర్గీకరణలో రాసిన మాట ముఖ్యమైనది. మందును ఒంటరిగా చేర్చలేదు, కాంతితో కలిపి చేర్చారు.

ఇది మందు కథ కదా, తిండికేం సంబంధం అని మీరు అడగవచ్చు. సొరాలెన్ కుటుంబం నిమ్మలో, అంజీరలో, సెలరీ, పార్‌స్లీ వంటి ఆకుల్లో ఉంది. 1981లో అమెరికా పరిశోధకులు పార్‌స్నిప్ దుంపలో ఈ పదార్థాలను కొలిచి, ఉడికించినా అవి పోవడం లేదని చూపారు. సెలరీ కోసే కూలీలకు, దుకాణాల్లో దాన్ని సర్దేవారికి చేతుల మీద బొబ్బలు రావడం అక్కడ వృత్తి జబ్బుగా గుర్తింపు పొందింది.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల గేట్ల ముందు నిమ్మసోడా బండ్లను గుర్తు చేసుకోండి. రోజంతా నిమ్మకాయలు పిండే చేతులు ఆ ఎండలోనే ఉంటాయి. రసంలో కంటే తొక్కలోని నూనెలో ఈ పదార్థాలు ఎక్కువ. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల తరువాత మంట, బొబ్బలు, ఆపై వారాల తరబడి నల్లమచ్చలు రావచ్చు. చాలామంది దీన్ని "నిమ్మ పడలేదు" అని సరిపెట్టుకుంటారు. నిజానికి పడనిది నిమ్మ ఒక్కటే కాదు. పిండిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలావరకు తప్పుతుంది. గ్లాసెడు నిమ్మరసం తాగేవారి సంగతి వేరు, అందులో ఉండే మోతాదు చాలా తక్కువ. 2015లో అమెరికాలోని వైద్యరంగ ఉద్యోగుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం నిమ్మజాతి పండ్లు ఎక్కువగా తినేవారిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందని చెప్పింది. అది సంబంధం మాత్రమే, కారణం రుజువు కాలేదు. పైగా ఆ అధ్యయనంలోనివారు అధికభాగం తెల్లజాతివారు. ఆ ఫలితాన్ని మన చర్మానికి యథాతథంగా అంటగట్టడం సరికాదని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

మ్యూనిక్‌లో ఒక మబ్బు రోజు

కాంతి, పదార్థం కలిసి జీవకణాన్ని దెబ్బతీస్తాయన్నది ప్రయోగశాలలో మొదట తేలింది అనుకోకుండానే. 19వ శతాబ్దం చివర మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, తన గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్ దగ్గర, అక్రిడిన్ అనే రంగు పదార్థం పారమీసియం అనే ఏకకణ జీవిని ఎంత సేపట్లో చంపుతుందో కొలుస్తున్నాడు. ఒకే మోతాదు, ఒకే జీవి, అయినా ఫలితాలు కలవలేదు. ఉరుములు, మబ్బులతో చీకటిపడిన రోజున జీవులు చాలాసేపు బతికాయి. తేడా కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఉందని అతడు గ్రహించాడు. 1900లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. విషం అంటే సీసాలో ఉండేది అన్న అభిప్రాయం అక్కడే కొంత సడలింది.

తార్నాకలో ఎండ, జొన్న

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైన పరిశోధన విభాగం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. తార్నాకలో ఉన్న ఈ సంస్థకు వచ్చిన తొలి సమస్యల్లో ఒకటి మన ప్రాంతానిదే. దక్కన్ పీఠభూమిలో జొన్నలు ముఖ్యాహారంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలే చోట మాత్రమే చర్మం నల్లబడి పొలుసులు లేచేది. బట్ట కప్పిన చోట మామూలుగా ఉండేది. మొక్కజొన్న తినేవారికి ఈ జబ్బు రావడం ప్రపంచానికి తెలుసు. జొన్నకు ఎందుకు రావాలి? 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా లాన్సెట్ పత్రికలో రాస్తూ జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మీద దృష్టి పెట్టారు. ల్యూసిన్ వాదం మీద తరువాత చాలా చర్చ జరిగింది. నయాసిన్ అనే విటమిన్ లోటు ఈ జబ్బుకు మూలమన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నదే.

పెల్లాగ్రాలో ఎండ ఏ పదార్థాన్నీ ఉత్పరివర్తన కారకంగా మార్చడం లేదు కదా, మరి ఇక్కడ ఎందుకు చెబుతున్నట్టు? ఒక కారణం ఉంది. నయాసిన్ నుంచి శరీరం తయారుచేసుకునే ఎన్ఏడీ అనే పదార్థం డీఎన్ఏ దెబ్బలను సరిచేసే యంత్రాంగానికి అవసరమని తరువాతి దశాబ్దాల్లో తెలిసింది. అంటే ఎండ చేసే దెబ్బ ఒక వైపు, ఆ దెబ్బను మాన్పుకునే శక్తి తిండి నుంచి రావడం మరోవైపు. కూలికి వెళ్లే జొన్నరొట్టె మనిషికి రెండు వైపులా తక్కువే పడింది.

బ్యాక్టీరియా చెప్పిన సాక్ష్యం

1973లో కాలిఫోర్నియాలో బ్రూస్ ఏమ్స్ ఒక చవకైన పరీక్షను పూర్తి రూపంలోకి తెచ్చాడు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను తీసుకుని, దాని మీద అనుమానిత పదార్థాన్ని, ఎలుక కాలేయపు సారాన్ని వేస్తారు. ఉత్పరివర్తనం జరిగితే కొన్ని బ్యాక్టీరియాలకు ఆ శక్తి తిరిగి వస్తుంది, అవి పళ్లెంలో చుక్కలుగా పెరుగుతాయి. చుక్కలు లెక్కపెడితే చాలు. కాలేయపు సారం ఎందుకంటే, చాలా పదార్థాలు శరీరంలోకి వెళ్లాక కాలేయంలోనే ప్రమాదకరంగా మారతాయి.

ఈ పరీక్ష తార్నాకకు కూడా చేరింది. 1992లో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం 16 మంది పొగతాగేవారికి రోజుకు 1.5 గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చి, వారి మూత్రంలో ఉత్పరివర్తన కారకాలు తగ్గాయని ప్రకటించింది. మన వంటింటి పసుపుకు దొరికిన గౌరవప్రదమైన సాక్ష్యాల్లో ఇది ఒకటి. చిన్న అధ్యయనమే, పొగతాగడానికి అనుమతి పత్రంగా చదువుకోకూడదు.

కాలేయం స్థానంలో కాంతిని పెడితే? 1976లో అమెరికా పరిశోధకులు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మీద అతినీలలోహిత కాంతి పడితే బ్యాక్టీరియాను చంపే పదార్థం పుడుతుందని, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అని గుర్తించారు. ట్రిప్టోఫాన్ పప్పులోనూ పాలలోనూ ఉండే పోషకం. నయాసిన్‌ను శరీరం తయారుచేసుకునేది కూడా దీని నుంచే.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ మరో పాతికేళ్లకు వచ్చింది. దాని మొదలు మాత్రం ఆకుకూరలో ఉంది. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలో నైట్రేట్ సహజంగానే ఎక్కువ. బోరు నీటిలోనూ ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం, తెలంగాణలో చాలా జిల్లాల భూగర్భజలాల్లో కొన్నిచోట్ల అది దాటుతోంది. నోటిలోని బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కడుపులోని ఆమ్లంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లంతో కలిస్తే నైట్రోసోప్రోలిన్ తయారవుతుంది. 1981లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒషిమా, బార్ట్ష్ అనే శాస్త్రజ్ఞులు ఒక వ్యక్తికి బీట్‌రూట్ రసం, ఆపై ప్రోలిన్ ఇచ్చి, మూత్రంలో నైట్రోసోప్రోలిన్‌ను కొలిచారు. విటమిన్ సి ఇస్తే అది తయారవడం తగ్గింది. మనిషి మీద ఇలాంటి ప్రయోగం ఎలా చేశారంటే, నైట్రోసోప్రోలిన్ నిరపాయకరమని అప్పటికే పరీక్షల్లో తేలింది. తన కుటుంబంలోని ఇతర నైట్రోసో పదార్థాల్లా అది ఉత్పరివర్తనం కలిగించదు, శరీరంలో మారకుండా బయటికి పోతుంది. కడుపులో ఎంత నైట్రోసో చర్య జరుగుతోందో చెప్పే నమ్మకమైన సూచికగా దాన్ని ప్రపంచమంతా వాడింది.

ఆ పరీక్షలు వెలుతురును లెక్కలోకి తీసుకోలేదు. 2002లో జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయానికి చెందిన అరిమోతో-కొబయాషి, హయాత్సు, వారితో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞులు నైట్రోసోప్రోలిన్‌ను సూర్యకాంతిలో పెట్టి చూశారు. నైట్రిక్ ఆక్సైడ్ విడుదలైంది, డీఎన్ఏ పోగులు తెగాయి, ఉత్పరివర్తనాలు కనిపించాయి. కాలేయపు సారం అవసరమే రాలేదు, ఆ పని ఎండే చేసింది. సూర్యకాంతిలోని యూవీ-ఏ చర్మ క్యాన్సర్‌కు దారితీసే విధానాల్లో ఇదొకటి కావచ్చని వారు ప్రతిపాదించారు. ఇది ప్రతిపాదనే. పరీక్షనాళికలో జరిగినది చర్మంలోని రక్తనాళాల్లో ఏ మేరకు జరుగుతుందన్నది వేరే ప్రశ్న. కాబట్టి తోటకూర మానేయమని ఈ పాఠం చెప్పదు. ఆకుకూర వల్ల వచ్చే మేలు రుజువైనది. చెప్పదలచినది వేరు: "నిరపాయకరం" అన్న ముద్ర ఇరవై ఏళ్లపాటు నిలిచింది, ఆ ముద్ర వేసిన పరీక్షలో కాంతి లేదు.

ఇదే కుటుంబంలోని మరో పదార్థం, ఎన్‌డీఎంఏ, దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది కాలేయంలో ప్రబలమైన ఉత్పరివర్తన కారకంగా మారుతుంది, నీటిలో ఉండగా ఎండ తగిలితే మాత్రం విరిగిపోతుంది. ఒక తోబుట్టువును ఎండ పాడుచేస్తే మరొకరిని బాగుచేసింది.

వేరుశెనగ: ఎండకు రెండు ముఖాలు

మన రైతుకు దగ్గరి ఉదాహరణ అఫ్లాటాక్సిన్. ఇది వేరుశెనగ, మొక్కజొన్నల మీద పెరిగే ఒక బూజు తయారుచేసే విషం. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. కారణాన్ని తేల్చి 1975లో లాన్సెట్‌లో ప్రకటించినది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, రమేష్ భట్, వారి సహచరులు. వేరుశెనగలో ఈ బూజును అరికట్టడం మీద పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దశాబ్దాలుగా పనిచేస్తోంది.

ఇక్కడ ఎండ మొదటి ముఖం రక్షణ. కాయలను తేమ 8 శాతం కంటే తగ్గేవరకు ఆరబెడితే బూజుకు చోటుండదు. 1977లో మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన శాంత, శ్రీనివాసమూర్తి ఇంకో అడుగు వేశారు. గానుగ నూనెలో ఇప్పటికే ఉన్న అఫ్లాటాక్సిన్‌ను ఎండ చాలావరకు నాశనం చేస్తుందని చూపారు. వేరుశెనగ చెక్క పిండిలో మాత్రం ఫలితం పాక్షికమే. పారదర్శకమైన నూనెలో వెలుతురు లోపలిదాకా వెళ్తుంది, పిండి కుప్పలో పైపొర దగ్గరే ఆగిపోతుంది.

రెండో ముఖం 1990 నాటి పరిశోధనల్లో కనిపించింది. అఫ్లాటాక్సిన్ డీఎన్ఏకు అతుక్కోవాలంటే ముందు కాలేయంలో ఎపాక్సైడ్ అనే చురుకైన రూపం పొందాలి. డీఎన్ఏ సమక్షంలో అఫ్లాటాక్సిన్ మీద కాంతి ప్రసరింపజేస్తే, కాలేయం లేకుండానే, అదే రకమైన అతుకు ఏర్పడింది. ఒకే అణువు, ఒకే కాంతి. పక్కన నూనె ఉంటే ఒక ఫలితం, డీఎన్ఏ ఉంటే మరొకటి. బూజు పట్టిన కాయలను ఎండలో పెట్టి "విషం పోయింది" అని అమ్మేవారికి ఈ రెండు పరిశోధనల్లో ఏదీ సమర్థన ఇవ్వదు. ఎండ పని బూజు పట్టకముందు.

అద్దం ఇవతల, అద్దం అవతల

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ రాళ్లగుట్టల ప్రాంతం అద్దాల నగరంగా మారింది. అద్దం ఎండను ఆపుతుందని మనం అనుకుంటాం. మామూలు అద్దం చర్మాన్ని కమిలించే యూవీ-బీని చాలావరకు ఆపుతుంది, యూవీ-ఏలో పెద్ద భాగాన్ని వదిలేస్తుంది. సొరాలెన్‌కూ నైట్రోసోప్రోలిన్‌కూ కావలసినది ఆ యూవీ-ఏనే. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ అద్దం యూవీ-ఏను కూడా దాదాపు పూర్తిగా ఆపుతుంది. కారు ముందు అద్దం ఆ రకానిది, పక్క అద్దాలు సాధారణంగా ఆ రకానివి కావు. 28 సంవత్సరాలు లారీ నడిపిన ఒక అమెరికన్ డ్రైవర్ ముఖంలో కిటికీ వైపున్న ఎడమ చెంప మాత్రమే ముడతలు పడిన ఫోటో 2012లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. మన క్యాబ్ డ్రైవర్‌కు కిటికీ కుడివైపు.

అంటే ఒకే వీధిలో ఒకే టిఫిన్ తిన్న ముగ్గురికి మూడు రకాల ఎండ. పదో అంతస్తులో పూత పూసిన అద్దం వెనుక కూర్చున్నవారికి ఎండ ఎంత తక్కువంటే, చర్మంలోని ఒక కొవ్వు పదార్థాన్ని విటమిన్ డి దిశగా మార్చే యూవీ-బీ కూడా అందదు. అదీ కాంతి రసాయన చర్యే, మేలు చేసేది. క్యాబ్ డ్రైవర్‌కు పక్క అద్దంలోంచి యూవీ-బీ లేని యూవీ-ఏ. గేటు ముందు నిమ్మసోడా బండివారికి రెండూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, చేతుల మీద తొక్క నూనెతో సహా. మీలో చాలామంది ఈ ముగ్గురిలో ఒకరై ఉండి, రాత్రిపూట ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు.

కృత్యం: వచ్చే కౌన్సెలింగ్ తరగతికి ముందు మీ ఇంట్లో గాని, మీరు పనిచేసే చోట గాని ఎండలో పెట్టే మూడు తినుబండారాలను ఎంచుకోండి. ప్రతిదానికి ఎండ ఎందుకు పెడుతున్నారు (తేమ పోవడానికా, పురుగు పోవడానికా, రుచికా), ఎంతసేపు పెడుతున్నారు, వెలుతురు లోపలిదాకా వెళ్తుందా, నూనెగాని నీరుగాని తోడుగా ఉందా, పెట్టేవారి చేతులు ఎంతసేపు ఎండలో ఉంటాయి అన్నవి రాసుకుని తీసుకురండి. ఆ వివరాలతోనే తరువాతి పాఠంలోని ఆహార నిల్వ పద్ధతులను మొదలుపెడదాం.